భూమి లోపలి లెక్క: ఎంతవరకు నమ్మొచ్చు?

2005 జూన్‌లో ఒక ప్రకటన దేశమంతా మార్మోగింది. మన తీరాన కృష్ణా-గోదావరి బేసిన్‌లోని దీన్‌దయాళ్ క్షేత్రంలో 20 టీసీఎఫ్ గ్యాస్ ఉందని గుజరాత్ ప్రభుత్వ సంస్థ జీఎస్‌పీసీ తరఫున చెప్పారు. టీసీఎఫ్ అంటే లక్ష కోట్ల ఘనపుటడుగులు. దేశంలోనే అతిపెద్ద గ్యాస్ నిక్షేపం అన్నారు. విలువ రెండు లక్షల కోట్ల రూపాయలు దాటుతుందని లెక్కలు కట్టారు. నాలుగేళ్లు గడిచాయి. 2009లో ఆమోదం పొందిన అభివృద్ధి ప్రణాళికలో ఆ క్షేత్రం పశ్చిమ భాగానికి రాసుకున్న అంకె సుమారు 2 టీసీఎఫ్. అందులోనూ పైకి తీయగలిగేది దాదాపు సగమే.

20 ఎక్కడ, 1 ఎక్కడ? ఇంత తేడా ఎలా వస్తుంది? భూమి కింద మూడు, నాలుగు కిలోమీటర్ల లోతులో ఏముందో, ఎంతుందో చెప్పడం ఎవరి పని? డిగ్రీలో జియాలజీ చదువుతున్నా, బీటెక్‌లో పెట్రోలియం తీసుకున్నా, ఎమ్మెస్సీ జియోఫిజిక్స్ మీద కన్నేసినా ఈ ప్రశ్నలు మీకోసమే. ఎందుకంటే రేపు ఆ అంకె వేసే టేబుల్ ముందు కూర్చునేది మీరే.

మన కాళ్ల కింద ఏముంది?

ఈ సబ్జెక్టు అనగానే చాలామందికి గల్ఫ్ దేశాలో, బొంబాయి హైయో గుర్తొస్తాయి. అంత దూరం పోనక్కర్లేదు. సింగరాయకొండలో రైలెక్కి ఒంగోలు, చీరాల, బాపట్ల మీదుగా పైకి వెళ్లండి. ఒంగోలు ప్రాంతం నుంచి విశాఖ వైపు సాగే కృష్ణా-గోదావరి బేసిన్ మీదుగానే మీ ప్రయాణం. పత్తి, మిర్చి పండే ఈ మైదానం పైకి చదునుగా కనిపిస్తుంది. కింద మాత్రం అంతా ఎగుడుదిగుడే. బాపట్ల ప్రాంతం కింద పాత రాతి గట్టు ఒకటి పైకి లేచి ఉంది. దాన్ని బాపట్ల హార్స్ట్ అంటారు. దాని పక్కనే కుంగిన లోయ పేరు కృష్ణా గ్రాబెన్. కోట్ల ఏళ్ల కిందట అంటార్కిటికా నుంచి మన భూభాగం విడిపోతున్నప్పుడు పడిన పగుళ్లివి. ఆ లోయల్లోకి నదులు తెచ్చిన మట్టి, ఇసుక పేరుకుపోయాయి. బేసిన్‌లో వీటి మందం 5 కిలోమీటర్ల దాకా ఉంటుంది.

ఇక్కడ మన విద్యార్థులు గర్వంగా చెప్పుకోవాల్సిన సంగతి ఇంకోటుంది. ఈ రాతిపొరలకు పెట్టిన పేర్లన్నీ మన ఊళ్లవే. రాఘవాపురం షేల్, గొల్లపల్లి ఇసుకరాయి, పాలకొల్లు షేల్, వాడపర్రు షేల్, మత్స్యపురి ఇసుకరాయి, రాజోలు లావా పొర. ప్రపంచంలో ఎక్కడి జియాలజిస్టు అయినా ఈ బేసిన్ గురించి రాయాలంటే ఈ పేర్లు రాయాల్సిందే.

ఒంగోలు వైపు కూడా అలాంటి పేర్లున్నాయి. బూదవాడ ఇసుకరాయి, వేమవరం షేల్, పావులూరు ఇసుకరాయి. వేమవరం షేల్‌లో దొరికిన మొక్కల శిలాజాలను జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా శాస్త్రవేత్తలు 19వ శతాబ్దంలోనే వర్ణించి ప్రచురించారు. పది కోట్ల ఏళ్లకు పైబడిన రాయి అది. గోదావరి వైపున్న రాఘవాపురం షేల్‌కు దీన్ని సమకాలీనంగా లెక్కిస్తారు. రాఘవాపురం షేల్ బేసిన్‌లో చమురు, గ్యాస్ పుట్టించిన ముఖ్యమైన రాళ్లలో ఒకటి.

మరి అదే కాలం రాయి మన దగ్గర ఉన్నప్పుడు మన దగ్గర చమురు ఎందుకు లేదు? మంచి ప్రశ్న. ఈ వృత్తి మొత్తం ఇలాంటి ప్రశ్నతోనే మొదలవుతుంది. రాయిలో చిక్కుకున్న జీవపదార్థం చమురుగా మారాలంటే సుమారు 60 నుంచి 120 డిగ్రీల వేడి కావాలి. లోతుకు వెళ్లేకొద్దీ కిలోమీటరుకు 25 నుంచి 30 డిగ్రీల చొప్పున వేడి పెరుగుతుంది. అంటే ఆ రాయి రెండు మూడు కిలోమీటర్ల లోతున పూడుకుపోయి, అక్కడే లక్షల ఏళ్లు ఉడకాలి. బేసిన్ అంచున, నేల మీద తేలిన షేల్‌కు ఆ వేడి తగల్లేదు. గోదావరి వైపు లోతున పూడిన దానికి తగిలింది. పుట్టుక ఒకటే, తలరాతలే వేరు.

ఒక్కటి తప్పినా సున్నా

చమురు పుడితే సరిపోదు. పుట్టింది కదిలి రావాలి. వచ్చింది నిలవడానికి ఇసుకరాయి లాంటి రంధ్రాలున్న రాయి ఉండాలి. పైకి జారిపోకుండా ఆపే ఆకారం కావాలి. దాని మీద మూతలా బిగుసుకున్న పొర కావాలి. ఈ ఆకారం ఏర్పడిన తర్వాతే చమురు రావాలి. ముందే వచ్చి పోతే లాభం లేదు.

డ్రిల్లింగ్‌కు ముందు జియాలజిస్టులు వీటిలో ఒక్కోదానికి ఒక్కో మార్కు వేస్తారు. ఉదాహరణకు మూలరాయి ఉండే అవకాశం 0.8, నిల్వ రాయికి 0.7, ఆకారానికి 0.6, మూతకు 0.6 అనుకుందాం. విడివిడిగా చూస్తే అన్నీ ఫస్ట్ క్లాస్ మార్కులే. కానీ ఇక్కడ సగటు తీయరు, గుణిస్తారు. గుణిస్తే వచ్చేది 0.2. అంటే ఐదు బావులు తవ్వితే ఒకటి పండుతుంది. ఆ ఒకటి ఏదో ముందే తెలియదు.

కనిగిరి, పొదిలి వైపు బోరు వేయించిన ఏ రైతునడిగినా ఈ లెక్క సూత్రం లేకుండానే చెప్తాడు. పక్క చేలో నీళ్లు పడ్డాయని తన చేలోనూ పడతాయన్న భరోసా లేదని ఆయనకు తెలుసు. తేడా ఏంటంటే, రైతు బోరు ఎండితే ఆ కుటుంబం అప్పులపాలవుతుంది. లోతు సముద్రంలో బావి ఎండితే పోయేది వందల కోట్లు. అందుకే పెద్ద కంపెనీలు ఒక్క బావి మీద పందెం కాయవు. పది ప్రాస్పెక్టులను పక్కపక్కన పెట్టి, వాటిలో దేన్ని ముందు తవ్వాలో, దేన్ని వదిలేయాలో తేల్చుకుంటాయి. ఆ వరుస పేర్చే పనికే మంచి జియాలజిస్టు కావాలి.

ఎండిన బావి కూడా వృథా కాదు. మూత సరిగా లేక పోయిందా, మూలరాయి ఉడకక పోయిందా అన్నది తేలితే పక్క ప్రాస్పెక్టు మార్కులన్నీ మారతాయి. ఎండిన బావి రిపోర్టు నిజాయితీగా రాసేవాళ్లే తర్వాతి బావిని కాపాడతారు.

ఐదో వంతు తేడా... ఐదు రెట్ల తేడా

ఇప్పుడు 'ఎంత ఉంది' అన్న లెక్క చూద్దాం. పెన్ను, కాగితం తీసుకోండి. రిజర్వాయర్ విస్తీర్ణం 10 చదరపు కిలోమీటర్లు, మందం 20 మీటర్లు అనుకోండి. గుణిస్తే 20 కోట్ల ఘనపు మీటర్ల రాయి. అందులో రంధ్రాలు 20 శాతం. ఆ రంధ్రాల్లో 70 శాతం చమురు, మిగతాది నీళ్లు. అంటే లోపల 2.8 కోట్ల ఘనపు మీటర్ల చమురు. పైకి వచ్చేసరికి అందులో కరిగున్న గ్యాస్ బయటకు పోయి చమురు కుంచించుకుపోతుంది. అందుకని 1.3తో భాగించాలి. పీపాల్లోకి మారిస్తే సుమారు 13.5 కోట్ల పీపాలు. ఇది లోపలున్నది. అంతా పైకి రాదు. 30 శాతం తీయగలమనుకుంటే మిగిలేది 4 కోట్ల పీపాలు. వినడానికి పెద్దగానే ఉంది. మన దేశం రోజుకు వాడే చమురు 50 లక్షల పీపాల పైమాటే. ఆ లెక్కన ఇది ఒక వారం అవసరాలకు సరి.

అసలు విషయం ఇప్పుడొస్తుంది. విస్తీర్ణం, మందం, రంధ్రాల శాతం, చమురు శాతం... ఈ నాలుగూ మనం ఊహించినదానికంటే ఒక్కో ఐదో వంతు తక్కువైతే? 4 కోట్లు కాస్తా 1.7 కోట్లకు పడిపోతుంది. ఐదో వంతు ఎక్కువైతే 8.4 కోట్లకు ఎగబాకుతుంది. ఒక్కో అంకెలో చిన్న తేడానే. మొత్తంలో మాత్రం ఐదు రెట్లు! అందుకే ఈ రంగంలో పద్ధతి తెలిసినవాళ్లు ఒకే అంకె చెప్పరు. మూడు చెప్తారు. కనీసం ఇంత ఉంటుందని 90 శాతం నమ్మకంతో చెప్పేది పీ90. ఉండొచ్చు, ఉండకపోవచ్చు అన్న మధ్య అంకె పీ50. కలిసొస్తే ఇంత అని 10 శాతం అవకాశంతో చెప్పేది పీ10.

అంకెలకు పేర్లు కూడా వేరువేరు. ఇంకా తవ్వకుండా అంచనా వేసింది 'ప్రాస్పెక్టివ్ రిసోర్స్'. తవ్వి కనుగొన్నా లాభసాటిగా తీసే దారి ఇంకా తేలనిది 'కంటింజెంట్ రిసోర్స్'. ప్రణాళిక, డబ్బు, మార్కెట్ అన్నీ కుదిరి తీయగలిగేదే 'రిజర్వ్'. ఈ మూడింటినీ కలిపేసి ఒకే అంకె చెప్తే, ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టే.

దీన్‌దయాళ్ విషయంలో జరిగింది ఇంచుమించు ఇదే. కేజీ-8 బావి ఫలితం వెంబడే 20 అన్న అంకె బయటకొచ్చింది. తర్వాత తేలిందేమంటే, ఆ రాయి చాలా బిగుతైనది, లోపల ఒత్తిడి, వేడి విపరీతం. గ్యాస్ ఉన్నా సులువుగా ప్రవహించదు. ఖర్చులు పెరిగాయి, అప్పులు పెరిగాయి, కాగ్ తప్పుపట్టింది. చివరకు 2017లో 80 శాతం వాటాను ఓఎన్జీసీ కొనుక్కుంది.

అంకె తప్పితే బిల్లు ఎవరికి?

ఇంకో ఉదాహరణ కేజీ-డీ6. 2002లో రిలయన్స్ అక్కడ గ్యాస్ కనుగొంది. 2004 ప్రణాళికలో రోజుకు 4 కోట్ల ఘనపు మీటర్లు తీస్తామన్నారు. 2006లో దాన్ని 8 కోట్లకు పెంచారు. తీయగలిగే నిల్వ 10 టీసీఎఫ్ అని లెక్క. 2009 ఏప్రిల్‌లో గ్యాస్ వచ్చింది. 2010లో రోజుకు 6 కోట్లు దాటి, అక్కడి నుంచి జారిపోయింది. 2012 నాటికి ప్రధాన క్షేత్రాలైన డీ1, డీ3ల నిల్వ అంచనా 3 టీసీఎఫ్‌కు కాస్త పైన ఆగింది. 2020 ఫిబ్రవరిలో ఆ రెండూ మూతపడ్డాయి.

ఎందుకు తగ్గిందన్న దానిపై రెండు వాదనలున్నాయి. రిజర్వాయర్ అనుకున్నదానికంటే సంక్లిష్టంగా ఉందని, బావుల్లోకి నీళ్లు, ఇసుక వచ్చాయని కంపెనీ చెప్పింది. ఒప్పుకున్నన్ని బావులు తవ్వలేదని ప్రభుత్వం అంది. గొడవ ఆర్బిట్రేషన్ దాకా వెళ్లింది. ఎవరిది ఒప్పన్నది ఇక్కడ మన విషయం కాదు. ఆ అంకెను నమ్ముకుని మన రాష్ట్రంలో వేమగిరి, కొండపల్లి లాంటి చోట్ల గ్యాస్ విద్యుత్ కేంద్రాలు కట్టారు. గ్యాస్ రాక యూనిట్లు ఖాళీగా నిలిచాయి. బ్యాంకుల అప్పులు పేరుకుపోయాయి. వాటిలో ఉద్యోగం వస్తుందనుకున్న కుర్రాళ్లు ఎందరో ఉంటారు. భూమి కింది అంకె తప్పితే దాని బిల్లు నేల మీద మనమే కడతాం.

లోపలి ఒత్తిడి అంచనా తప్పితే కలిగే నష్టం రూపాయల్లో లెక్కపెట్టలేం. 1995 జనవరి 8న కోనసీమలోని పాశర్లపూడిలో ఓఎన్జీసీ బావి పేలి 65 రోజులు మండింది. ఊళ్లు ఖాళీ చేయించారు. ఏ లోతులో ఎంత ఒత్తిడి ఉంటుందో ముందే చెప్పి, దానికి తగ్గ బరువున్న మడ్ వాడేలా చూడటం కూడా ఈ వృత్తిలో భాగమే.

అలాగని ఈ బేసిన్‌ను తీసిపారేయలేం. ఓఎన్జీసీ 1987లో కనుగొన్న రవ్వ క్షేత్రం మూడు దశాబ్దాలుగా నూనె ఇస్తోంది. కేజీ-డీ6లోనే కొత్త క్షేత్రాలు 2020 డిసెంబరు నుంచి ఉత్పత్తికి వచ్చాయి. కాకినాడ తీరానికి 30 కిలోమీటర్ల పైన, సముద్రంలో ఓఎన్జీసీ 98/2 బ్లాకు నుంచి 2024 జనవరి 7న తొలి చమురు వచ్చింది. ఆ బ్లాకులో మెజారిటీ వాటాను ఓఎన్జీసీ తీసుకున్నది 2005లో. అంటే దాదాపు 19 ఏళ్లు! చమురు అన్వేషణలో ఓపిక కూడా ఒక అర్హతే.

మీరు ఎక్కడ సరిపోతారు?

ఇప్పుడు ఉద్యోగాల సంగతి. ఈ రంగంలో తొలి మెట్టు చాలామందికి మడ్ లాగింగ్. రిగ్ పక్కన చిన్న క్యాబిన్‌లో 12 గంటల షిఫ్టు. కిందనుంచి మడ్‌తోపాటు వచ్చే రాతి ముక్కలను కొన్ని మీటర్లకోసారి పట్టి, కడిగి, మైక్రోస్కోప్ కింద చూడాలి. అల్ట్రావయొలెట్ కాంతిలో పెడితే చమురున్న ముక్కలు మెరుస్తాయి. గ్యాస్ ఎంత వస్తోందో నిమిషం నిమిషం గమనించాలి. రెండు వారాలో నాలుగు వారాలో పని, అన్నే రోజులు సెలవు. తర్వాత వెల్‌సైట్ జియాలజిస్టు, ఆ పైన ఆఫీసులో సీస్మిక్ మ్యాపులు చదివే ఇంటర్‌ప్రెటర్, లాగ్స్ విశ్లేషించే పెట్రోఫిజిసిస్టు, రిజర్వాయర్ ఇంజినీర్. ఏసీ గదిలో అంకె వేసేవాళ్లకు రిగ్ మీద బురద తొక్కిన అనుభవం ఉంటే ఆ అంకెకు విలువ ఎక్కువ.

చదువుకు దారులు మన దగ్గరే ఉన్నాయి. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో జియాలజీ, జియోఫిజిక్స్ ఉన్నాయి. తిరుపతి ఎస్వీయూలో జియాలజీ, ఉస్మానియాలో జియాలజీ, జియోఫిజిక్స్ చదవొచ్చు. విశాఖలో 2016లో మొదలైన ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ పెట్రోలియం అండ్ ఎనర్జీలో బీటెక్ సీటు జేఈఈ అడ్వాన్స్‌డ్ ద్వారా వస్తుంది. బీఎస్సీ తర్వాత ఐఐటీల్లో ఎమ్మెస్సీకి జామ్ రాయాలి. ఎమ్మెస్సీ వాళ్లకు గేట్‌లో జియాలజీ, జియోఫిజిక్స్ పేపర్ ఉంది, ఇంజినీర్లకు పెట్రోలియం పేపర్ ఉంది. ఓఎన్జీసీ కొన్నిసార్లు గేట్ స్కోరుతో, కొన్నిసార్లు సొంత రాతపరీక్షతో తీసుకుంది. కాబట్టి సీనియర్ చెప్పాడని కాకుండా నోటిఫికేషన్ చూసి ప్రిపేర్ అవ్వండి. యూపీఎస్సీ కంబైన్డ్ జియో సైంటిస్ట్ పరీక్షతో జియలాజికల్ సర్వేలో, కేంద్ర భూగర్భజల మండలిలో పోస్టులు వస్తాయి.

అయితే ఒక్క చమురునే నమ్ముకోవద్దు. 2014 మధ్యలో పీపా 100 డాలర్ల పైనున్న ధర 2016 జనవరికి 30 కిందికి పడింది. ప్రపంచమంతటా రిగ్గులు ఆగాయి, లక్షల ఉద్యోగాలు పోయాయి. 2020లో మళ్లీ అదే జరిగింది. ఈ సబ్జెక్టులో నేర్చుకునే అంచనా విద్య ఇంకా చాలా చోట్ల అక్కరకొస్తుంది. భూగర్భ జలాలకు, ఖనిజాలకు, చీమకుర్తి గ్రానైట్ క్వారీకి, కార్బన్‌ను భూమిలో దాచే ప్రాజెక్టులకు కావాల్సింది ఇదే. జియాలజీని గట్టిగా పట్టుకోండి, పరిశ్రమ పేరును మాత్రం వదులుగా పట్టుకోండి.

ఇంకో హెచ్చరిక. 'మూడు నెలల కోర్సు, ఆఫ్‌షోర్ రిగ్‌పై ఉద్యోగం గ్యారంటీ, నెలకు లక్షల్లో జీతం' అంటూ ఫోన్‌కొచ్చే ప్రకటనలు కూడా ఆ 20 టీసీఎఫ్ లాంటివే. పీ10 అంకెను పీ90లా అమ్ముతారు. ఫీజు కట్టే ముందు మూడు ప్రశ్నలు వేయండి. గత బ్యాచ్‌లో ఎంతమంది చేరారు? వాళ్లలో ఎంతమంది ఇప్పుడు రిగ్ మీద జీతం తీసుకుంటున్నారు? వాళ్లలో ఇద్దరితో మాట్లాడించగలరా? విదేశాల మాటెత్తితే ఆ ఏజెంటు ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో నమోదయ్యాడో లేదో చూడండి. నాన్న పొగాకు అమ్మి తెచ్చిన డబ్బు పెట్టే ముందు ఆ మాత్రం అన్వేషణ మనం చేయాలి.

ఈ వారమే మొదలుపెట్టండి

నోటిఫికేషన్ వచ్చేదాకా ఆగనక్కర్లేదు. పైన ఇచ్చిన లెక్కను ఎక్సెల్‌లో వేయండి. ఒక్కో అంకెకు తక్కువ, మధ్య, ఎక్కువ అని మూడు విలువలు పెట్టి ఫలితం ఎలా ఊగుతుందో చూడండి. ఏ అంకె ఫలితాన్ని ఎక్కువగా కదుపుతోందో కనిపెట్టండి. తర్వాతి బావి తవ్వాల్సింది ఆ అంకెను తేల్చడానికే. డిపార్ట్‌మెంట్‌ వాళ్లతో కలిసి వేమవరం వైపు ఒక ఆదివారం ఫీల్డ్‌కు వెళ్లి రండి. పుస్తకంలో చదివిన షేల్‌ను చేత్తో పట్టుకుని చూడండి.

ఇంటర్వ్యూలో ఎవరైనా 'ఇక్కడ ఎంత చమురు ఉంటుంది?' అని అడిగితే తడుముకోకుండా మూడు అంకెలు చెప్పండి. ఏ సాక్ష్యం దొరికితే తక్కువ అంకె పెరుగుతుందో, ఏది దొరికితే పెద్ద అంకె కూలుతుందో కూడా వివరించండి. బోర్డులో కూర్చున్నవాళ్లు 20 అన్న మాటా విన్నారు, 2 అన్న ఫలితమూ చూశారు. ఎంతవరకు తెలుసో, ఎక్కడి నుంచి తెలియదో గీత గీసి చెప్పే అభ్యర్థి కోసమే వాళ్లు చూస్తుంటారు.